కిందా మీదా తెలియని చిప్పలు

చిప్పలు తళతళ మెరుస్తున్నాయి. వచ్చిన చిక్కల్లా అదే.

చిప్పలావిడ డబ్బా మూత తీసింది. నోటిదాకా వచ్చిన మాటలు ఆఫీసులో అనదగినవి కావు కాబట్టి మింగేసింది. బురదలో పుట్టి, బురదలో బతికి, ఆ బురదలోనే చచ్చి కొన్ని వేల ఏళ్లుగా పడి ఉన్న చిప్పలవి. వాటిని ఒక్కొక్కటిగా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పళ్లు తోముకునే బ్రష్షుతో సందుసందునా తోమి, మెత్తటి గుడ్డతో అద్ది, నల్ల సిరాతో ముత్యాల్లాంటి అంకెలు వేసి, దూది పరిచిన గళ్లలో పడుకోబెట్టారు ఆవిడ అసిస్టెంటు శుభ్రంగారు. పడుకోబెట్టి, మెచ్చుకుంటుందేమోనని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"బాణం గుర్తులేవండీ?" అంది ఆవిడ.

"వేశానండీ. మీరెప్పుడూ చెప్పేట్టే, పైవైపు చూపిస్తూ ప్రతి ముద్ద మీదా వేశాను."

"ముద్ద అంటే?"

"మట్టి ముద్దండీ. పుల్లతో గీశాను," అన్నారాయన. అని ఒక్క క్షణం ఆగి సింకు వైపు చూశారు. ముఖంలో రంగు మెల్లగా దిగిపోయింది. గీసిన బాణాలన్నీ ఆ సింకులోంచే పోయాయి.

ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుండదు. బల్ల మీద దుమ్ము కనిపిస్తే అన్నం సయించని మనిషి. అబద్ధమాడరు, ఆలస్యంగా రారు, ఒక్క పరికరం పాడు చెయ్యరు. అలాంటివాణ్ణి తిట్టడం కూడా కష్టమే. తిట్టడానికి వీల్లేని మనిషి కొంప ముంచితే ఒళ్లు ఇంకా మండుతుంది.

ఇందులో మునిగిన కొంపేమిటని అడగొచ్చు. చిప్పలావిడ పని సముద్రం పాత జాతకం తీయడం. సముద్రం ఎప్పుడూ ఇప్పుడున్న చోటే లేదు. ఒకప్పుడు వెనక్కి పోయింది, ఒకప్పుడు ముందుకి తోసుకొచ్చింది. ఎంతెత్తున నిలబడిందో చూసినవాళ్లెవరూ మిగల్లేదు కాబట్టి చిప్పల్ని అడగాలి. ఈ రకం జంట చిప్ప ఎప్పుడూ నీళ్లు కప్పే ఉండే బురదలోనే బతుకుతుంది. పోటు నీటికి కనీసం ఎంత లోతున ఉంటుందో ఇవాళ్టి సముద్రంలో కొలిచి పెట్టుకున్న లెక్క ఉంది. ఊళ్లో గొయ్యి తవ్వితే అది దొరికిందీ అంటే, దొరికిన చోటినుంచి అంతెత్తుకి ఒకప్పుడు నీళ్లు ఉండి తీరాలి. కాకపోతే అది బతికిన చోటే చచ్చి ఉండాలి. ఎవరో బురదతో సహా ఎత్తుకొచ్చి పోసి ఉంటే ఆ లెక్కంతా గంగలో కలిసినట్టే.

ఆ తేడా చెప్పేది చిప్ప ఉన్న తీరొక్కటే. బతికున్న జీవి బురదలో నిలువుగా దిగబడి ఉంటుంది, కాలు కిందికి, నీళ్లు పీల్చే గొట్టం పైకి. చచ్చినా అలాగే నిలబడి ఉంటుంది. తెచ్చి పోసిందైతే ఎటు పడితే అటు దొర్లి ఉంటుంది. వయసు పరీక్షకి పంపితే రెండూ అన్నే వేల ఏళ్లని చెబుతాయి. అందుకే గోతిలోంచి ముద్ద కదిపే ముందు ఏది పైనో, ఏది కిందో గుర్తు పెట్టుకోవాలి. ఈ విద్యలో అది అ ఆ లతో సమానం.

ఆ గొయ్యి తవ్వింది కొత్త కాన్పుల వార్డు కట్టబోయే స్థలంలో. తవ్విన రోజుల్లో చిప్పలావిడ విషజ్వరంతో ఇంట్లో దుప్పటి కప్పుకుని మూలుగుతోంది. ఆవిడ లేచేసరికి డైరెక్టరుగారు పత్రికల వాళ్లని పిలిచి, చిప్పలు చేత్తో పట్టుకుని ఫొటో దిగి, ఇక్కడ ఒకప్పుడు నిలువెత్తు నీళ్లుండేవని ప్రకటించేశాడు. ఒకసారి వచ్చిన నీళ్లు మళ్లీ రావని ఎవరు చెప్పగలరని పై అధికారులు భయపడి పని ఆపేశారు. ఆస్పత్రి ఇంజినీరు ఊరుకోలేదు. అదంతా వెనకటి రోజుల్లో రేవు పూడిక తీసి ఆ పల్లంలో పోసిన మట్టి, చిప్పలు దాంతోపాటు వచ్చినవే, సముద్రం ఆ ఛాయలకి కూడా రాలేదు అని ఎదురు రాశాడు. ఇద్దరిలో ఎవరిది నిజమో సోమవారం విచారణలో తేల్చాలి. తేల్చాల్సింది చిప్పలావిడ.

ఆవిడ డబ్బా పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్లింది.

"నిలబడే ఉన్నాయని చెప్పేద్దూ," అన్నాడాయన తల ఎత్తకుండా.

"ఎవరు చూశారండీ?"

"శుభ్రంగారు చూశాడుగా."

"నేను బురద చూశానండీ," అన్నారు గుమ్మంలో నిలబడ్డ శుభ్రంగారు. "లోపల చిప్ప ఎటుందో కడిగాకే కదండీ కనిపించింది."

"పేపర్లో వచ్చేసింది," అన్నాడు డైరెక్టరు, ఇక మాట్లాడుకోవడానికేం లేదన్నట్టు.

"పేపర్లో వస్తే చిప్పలు లేచి నిలబడతాయా?" అంది ఆవిడ. గట్టిగానే అంది. బయట టైపు చేస్తున్న చప్పుడు ఆగింది.

మళ్లీ తవ్వడం తప్ప దారి లేదు. అక్కడినుంచి మొదలైంది అసలు తిరుగుడు. గొయ్యి తవ్విన చోట పని ఆగకముందే కాంక్రీటు పోసేశారు. పక్కన తవ్వుకుంటానంటే గేటు తాళం కాంట్రాక్టరు దగ్గరుందన్నారు. కాంట్రాక్టరు, పని ఆగిపోయాక నాకేం సంబంధం, ఇంజినీరుగారినడగండి అన్నాడు. మీకెందుకు తవ్వనిస్తానండీ, మా గొయ్యి మాకే తవ్వుతారా అన్నాడు ఇంజినీరు. నవ్వుతూనే అన్నాడు. వైద్యశాఖ ఆఫీసులో ఒకావిడ చాలా మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, సంతకం పెట్టాల్సినాయన సెలవులో ఉన్నాడని చెప్పింది. ఎప్పుడొస్తాడంటే, విచారణ అయ్యాక అంది. కాళ్లకి బలపం కట్టుకుని తిరిగి తిరిగి చిప్పలావిడ ఇల్లు చేరేసరికి చెప్పు తెగి చేతిలో ఉంది.

"ఆఖరికి మన చేతికి చిప్పే అన్నమాట," అన్నాడు మొగుడు. ఆయన బళ్లో లెక్కల మేష్టారు. ఇలాంటి హాస్యాలు పిల్లల మీద ప్రయోగించి ఇంటికి తెస్తాడు.

"నవ్వొచ్చేట్టు లేదు."

"నాకూ లేదు. అక్క ఫోనెత్తడం మానేసి ఎన్నాళ్లయింది?"

ఆవిడ తెగిన చెప్పు మూల పడేసింది. మొగుడి అక్క, అంటే ఆవిడకి వదిన, పాత కాన్పుల వార్డులో హెడ్ నర్సు. కొత్త వార్డు కావాలని ఎక్కని గడప లేదు, పెట్టని అర్జీ లేదు. జుట్టు నెరిసేదాకా పోట్లాడి సాధించుకుంది. శంకుస్థాపన రోజున ఆ పల్లంలో నిలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ తరవాతే ఈ చిప్పలు బయటపడ్డాయి. పని ఆగిన నాటినుంచి తమ్ముడింటి గుమ్మం తొక్కలేదు.

మర్నాడు చిప్పలావిడ తనే వెళ్లింది. పాత వార్డు కొత్త స్థలానికి ఆనుకునే ఉంది, మధ్యలో ఒక్క గోడ. లోపల ఫినాయిలు వాసన, తడి గోడలు, మంచానికిద్దరు. ఇద్దరూ ఎదురెదురు దిక్కులకి తలలు పెట్టుకుని, గోడవైపు ఇద్దరి బిడ్డలు. మంచం దొరకనివాళ్లు వరండాలో చాపల మీదున్నారు. వదిన ఒకామెకి చెయ్యిచ్చి నడిపిస్తూ ఎదురొచ్చింది. మరదల్ని చూసి నడక ఆపలేదు.

"ఏం అమ్మాయ్, ఇక్కడ కూడా చిప్పలేమైనా పడేసుకున్నావా?"

"వదినా, మీ దొడ్లో ఒక గొయ్యి తవ్వుకోనివ్వండి."

వదిన నడిపిస్తున్నామెని జాగ్రత్తగా మంచం మీద కూర్చోబెట్టి, అప్పుడు ఇటు తిరిగింది. "నా నోట్లో మట్టి కొట్టింది చాల్లేదా? దొడ్డి కూడా కావాలా?"

చిప్పలావిడ ఉన్నదున్నట్టు చెప్పింది. చిప్పలు కడిగేశారని, ఏది పైనో తెలియదని, ఇంజినీరు మాట నిజమో డైరెక్టరు మాట నిజమో తనకీ తెలియదని చెప్పింది. ఇదే పల్లం, ఇదే మట్టి కాబట్టి ఇక్కడ తవ్వినా అదే తెలుస్తుందని, ఇంకెవ్వరూ తవ్వనివ్వడం లేదని చెప్పింది.

వదిన ముఖంలో కోపం పోలేదు గాని, దాని వెనక ఇంకేదో కదిలింది. "తెలియకపోవడమేమిటి? మీ మామగారు పూడిక తీసే ఓడ మీద ఎన్నేళ్లు చేశారు? ఈ పల్లమంతా నేను పోసిందేనని ఎన్నిసార్లు చెప్పలేదు? మొదటే నన్నడిగుంటే ఇంత రభస ఉండేదా?"

"విన్నదాన్ని విచారణలో చెప్పలేను వదినా. చూసింది చెప్పాలి."

"అయితే తవ్వు. ఇవాళే తవ్వు. మా నాన్న మట్టి కనబడ్డాక నాలుగు పత్రికల్లో నువ్వే చెప్పాలి, తప్పయిపోయిందని."

"అలాగే చెబుతాను."

ఆ మాట చిప్పలావిడ మనసారా అంది. తన ఆఫీసు మాటే తప్పయితే బాగుండునని ఈ ఉద్యోగంలో మొదటిసారి కోరుకుంది.

సాయంత్రం బడి అయ్యాక మొగుడు పార పట్టుకుని వచ్చాడు. పెళ్లాం పక్షాన తవ్వాలో, అక్క పక్షాన తవ్వాలో ఎవరైనా చెబితే అటే తవ్వుతానన్నాడు. ఇద్దరూ నవ్వలేదు. శుభ్రంగారు రబ్బరు చేతి తొడుగులేసుకుని, ఒక చీపురు కూడా తెచ్చుకున్నారు. దొడ్లో ఆరేసిన దుప్పట్ల కింద వంగి వెళ్లి, బట్టలుతికే గది వెనకాల గోతికి గీత గీశారు. రెండు రోజులు పట్టింది. ఎందుకంటే మేష్టారి అరచేతులు సుద్దముక్కలకి తప్ప దేనికీ అలవాటు లేనివి. పైగా అడుగున ఊరే నీళ్లు బకెట్లతో తోడుతూ ఉండాలి.

పైన రాళ్లూ రప్పలూ పోయాక రెండోనాటి ఉదయం నల్లటి బురద మొదలైంది. ముద్దలు ముద్దలుగా, ఒకదానికొకటి అతకకుండా ఉంది. అందులో ఇటుక ముక్కలు, తుప్పు పట్టిన గొలుసు లింకు, కుళ్లిన తాడు కొస. వాటి మధ్య చిప్పలు. జంటలు మూసుకునే ఉన్నాయి. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా, ఒకటి తలకిందులుగా.

వదిన ఆ బురద ముద్దొకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఇదే వాసన," అంది. "నాన్న ఇంటికొస్తే మా అమ్మ బయటే నిలబెట్టి నెత్తిన రెండు బిందెలు కుమ్మరిస్తే గాని లోపలికి రానిచ్చేది కాదు. ఎంత కడిగినా గోళ్ల కింద ఇదే ఉండేది. తమ్ముడూ, నీకు గుర్తుందా?"

మేష్టారు గోతిలోంచి తలూపాడు. ఆయన కళ్లల్లో కూడా నీళ్లున్నాయి, చెమటో మరేదో.

"చూశావుగా అమ్మాయ్. ఎటు పడితే అటు పడున్నాయి. చూసిందే చెబుతానన్నావు, చూశావు. ఇక చాలు, పూడ్చెయ్యండి."

అవును, చూసింది. ఇంజినీరు చెప్పింది అక్షరాలా నిజం. కొత్త స్థలంలో తవ్విన గొయ్యి కూడా ఈ లోతుకే ఆగింది, శుభ్రంగారు తోమి పెట్టినవి ఈ మట్టిలోవే. డైరెక్టరు చెప్పిన నిలువెత్తు నీళ్లు ఉత్తమాట. ఇక్కడ ఆపేస్తే సోమవారం వార్డుకి అనుమతి వస్తుంది, వదిన ఇంటికొస్తుంది, ఈ పీడ విరగడవుతుంది. ఆపేద్దామని ఆవిడకి ఎంతగా అనిపించిందంటే, పార మొగుడి చేతిలోంచి తీసుకుని పక్కన కూడా పెట్టింది. పెట్టి, మళ్లీ తనే తీసుకుని గోతిలోకి దిగింది.

"ఇంకో మూరెడు," అంది.

"ఎందుకూ?" అంది వదిన.

"పోసిన మట్టి దేనిమీద పోశారో చూడకుండా ఎలా చెప్పను?"

"అంటే నీక్కావలసింది దొరికేదాకా తవ్వుతావన్నమాట."

ఆ మాట చుర్రుమని తగిలింది. నిజమేనేమో కూడా. ఆవిడ తవ్వడం ఆపలేదు.

నల్ల బురద అయిపోయిన చోట పలచటి గోధుమరంగు పొర, దాన్నిండా ఎండిన గడ్డి వేళ్లు. మామగారి ఓడ రాకముందు ఈ పల్లం నేల అదే. దాని కిందినుంచి బూడిదరంగు బురద, వెన్నలా ఒకే తీరుగా ఉంది. ఇటుక లేదు, ముద్ద లేదు. చిప్పలావిడ పార పక్కన పడేసి చెంచాతో గోకింది. శుభ్రంగారు తొడుగులు విప్పేసి, వట్టి చేతులతో బురదలో మోకాళ్ల మీద కూర్చున్నారు. ఆయన్నలా ఎవరూ ఎన్నడూ చూడలేదు. చిన్న బ్రష్షుతో దులుపుతూ పోయారు, ఒక్కదాన్నీ కదపలేదు.

చిప్పలు కనిపించాయి. అంచులు పైకి, కాలుండే వైపు కిందికి, దగ్గర దగ్గరగా నిలబడి ఉన్నాయి. గొయ్యి ఈ మూలనుంచి ఆ మూలదాకా పక్కకి ఒరిగింది ఒక్కటి లేదు.

వదిన గట్టుమీంచి కిందికి దిగింది. చిప్పల అంచుల మీద అరచెయ్యి ఆనించి, మెల్లగా ఒక కొసనుంచి ఇంకో కొసకి జరిపింది. చెయ్యి తీసి, ఒంటికి తుడుచుకోవడం మరిచిపోయి అలాగే చూసుకుంది.

"ఇవి నాన్న పోసినవి కావు," అంది. అని పైకెక్కి వార్డులోకి వెళ్లిపోయింది.

చిప్పలావిడ లెవెల్ మిషను పెట్టి ఎత్తు తీసింది. లెక్క చేస్తే నీళ్లు దొడ్డి నేల మీద నడుమెత్తు ఉండేవని తేలింది. డైరెక్టరు చెప్పిన నిలువెత్తు కాదు, ఇంజినీరు చెప్పినట్టు అసల్లేకపోవడమూ కాదు. పాతికేళ్ల అనుభవంలో ఇంత తిరుగులేని ఆధారం ఆవిడకి దొరకలేదు. దొరికినందుకు ఏడుపొచ్చింది. ఈసారి శుభ్రంగారు ముద్దల్ని కడగలేదు, తుడవలేదు, చిప్ప అంచు మీదే సిరాతో బాణం వేసి బురద కారుతున్న డబ్బాలు ఒళ్లో పెట్టుకుని బస్సులో తీసుకెళ్లారు.

సోమవారం విచారణకి హాలు నిండింది. వదిన యూనిఫాం మీదే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది, మరదలి వైపు చూడలేదు. చిప్పలావిడ ఫొటోలు చూపించి, ఉన్నది చెప్పింది. చెప్పడం పూర్తికాకముందే ఇంజినీరు లేచి, పోసిన మట్టేనని నేను మొదటే చెప్పాను కదా అన్నాడు. డైరెక్టరు లేచి, సముద్రమేనని మేమూ మొదటే చెప్పాం కదా అన్నాడు. ఇద్దరూ ఒకేసారి గెలిచిన ముఖాలతో కూర్చున్నారు.

"ఒక్కమాటలో చెప్పండి," అన్నాడు అధ్యక్షుడు, గడియారం చూసుకుంటూ. "పోసిన మట్టా, సముద్రమా?"

"పైది పోసిన మట్టి, కిందిది సముద్రం."

"అవి రెండు మాటలు."

"అక్కడున్నవి రెండు పొరలండీ," అంది ఆవిడ. నెత్తీ నోరూ కొట్టుకోవాలనిపించింది. "నడుమెత్తు. ఆ ఎత్తుకి నేల లేపి కట్టండి, లేదా గట్టు మీద కట్టండి. కానీ కట్టండి. ఆపమని నేననలేదు."

పెద్దలు తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుకున్నారు. చివరికి తీర్పు చదివారు. కొత్త వార్డు నేల ఎత్తు పెంచుతూ నక్షాలు మళ్లీ గీయాలి, వాటికి మళ్లీ అనుమతులు తీసుకోవాలి. అందాకా పని ఆపాలి, పాత వార్డు యథాతథంగా నడవాలి.

"ఒక్కమాటండీ." వెనకనుంచి వదిన లేచింది. హాల్లో తలలన్నీ అటు తిరిగాయి. "కట్టని వార్డు గురించి ఇన్నాళ్లు కొట్టుకున్నారు. అందులో ఎవరూ లేరు. ఆ గొయ్యి తవ్వింది నా వార్డు దొడ్లో. నా వార్డు కూడా ఆ నేల మీదే ఉంది, దాన్నిండా మనుషులున్నారు. వాళ్ల సంగతేమిటి?"

"అది ఇవాళ్టి విచారణలో లేదు సిస్టర్," అన్నాడు అధ్యక్షుడు. కోపంగా అనలేదు, నిజంగానే లేదు కాబట్టి అన్నాడు.

వదిన కూర్చోలేదు, బయటికి నడిచింది. చిప్పలావిడకి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. ఆ దొడ్లో అంగుళం అంగుళం కొలిచింది తను. రెండు రోజులు ఆ దుప్పట్ల కింద వంగి తిరిగింది. వెనకే ఉన్న వార్డు నేల ఎంతెత్తునుందో చూడాలని ఒక్కసారీ తట్టలేదు. ఎవరూ అడగలేదు, తనకి తనూ ఆ ప్రశ్న వేసుకోలేదు. డైరెక్టరుని, ఇంజినీరుని, అధ్యక్షుణ్ణి ఇన్నాళ్లు తిట్టుకున్న తిట్లలో సగం తనకీ చెందుతాయని అర్థమై ఆ మెట్లు దిగింది.

మధ్యాహ్నం లెవెల్ మిషను భుజాన వేసుకుని వార్డుకి వెళ్లింది. వదిన గుమ్మంలోనే ఎదురైంది.

"నీ మీద కోపం పోయిందనుకోకు," అంది. "మా నాన్న మట్టి దగ్గర ఆపమన్నాను. ఆపలేదు."

"లేదు వదినా, ఆపలేదు."

"ఇప్పుడెందుకొచ్చావు?"

"అడిగారుగా. మిగతావాళ్లెవరూ జవాబు చెప్పలేదు."

వదిన తలుపు తీసి పట్టుకుంది. చిప్పలావిడ మంచాల మధ్య మిషను నిలబెట్టింది, శుభ్రంగారు కొలకర్ర పట్టుకున్నారు. దొడ్లోంచి వార్డులోకి రెండు మెట్లే. ఆ రెండు మెట్లూ లెక్కలోంచి తీసేసి మిగిలిన ఎత్తుకి గోడ మీద సుద్దతో గీత గీసుకుంటూ వెళ్లింది. కిటికీ కింద, మందుల బీరువా పక్కన, వరసగా ఉన్న మంచాల వెనకాల. గీత మంచాల మీది పరుపుకి జానెడు పైనుంచి పోయింది. ఆ జానెడులోనే గోడవైపు పసిపిల్లలు పడుకుని ఉన్నారు.

కాన్పయిన ఒకామె తల తిప్పి గోడ చూసింది. "ఏంటి సిస్టర్ ఆ గీత?"

కాన్పు కష్టమైతే కష్టమని, బిడ్డ దక్కకపోతే దక్కలేదని వదిన మొహం మీదే చెబుతుంది. తియ్యటి మాటలు చెప్పడం రాదని ఆవిడ మీద అందరికీ ఫిర్యాదు. ఆ వదిన గీత వైపు చూసింది, సుద్ద పట్టుకుని నిలబడ్డ మరదలి వైపు చూసింది.

"రంగులెయ్యడానికమ్మా," అంది.

"మంచిదే. ఈ గోడలు చూడలేకపోతున్నాం," అంది ఆమె సంతోషంగా. "ఎప్పుడేస్తారు?"

ఎంత ఎత్తో చిప్పలు చెబుతాయి. నీళ్లు మళ్లీ ఎప్పుడొస్తాయో చెప్పవు. చిప్పలావిడ సుద్ద చేతిలో నలుపుకుంటూ తల దించుకుంది.

వదిన వంగి, గోడవైపున్న బిడ్డని రెండు చేతులతో ఎత్తి తల్లికి ఇవతలి పక్కన పడుకోబెట్టింది. పడుకోబెట్టి, గుడ్డ సర్ది, ఒకసారి మళ్లీ గీత చూసింది. ఇటు పడుకోబెట్టినా అదే ఎత్తు. అది తెలిసి కూడా వదిన పక్క మంచం దగ్గరకి వెళ్లి, రెండో బిడ్డని ఎత్తుకుంది.